ఏ రూపంలోనూ

జోంబాలో కరెంటు ఆరింటికి వస్తుంది, వస్తే.
ఎనెలేసి అంతకుముందే లేచి
మిషను మీద గుడ్డ తీసి
అద్దాన్ని పసిబిడ్డ మూతిలా తుడిచి
కూర్చునేది.

కాలేజీ గేటుకి ఎదురుగా రేకుల కొట్టు.
జనవరిలో వాన పడితే
గొడుగు మిషనుకి, తడి తనకి.

మా క్లాసులో నూట పన్నెండు మందిమి.
మొక్కల తెగుళ్ల పుస్తకం లైబ్రరీలో ఒక్కటే,
అదీ బీరువాలో, తాళం వేసి.
కొనాలంటే మా అమ్మ
రెండు పంటల వేరుశనగ అమ్ముకోవాలి.

ఎనెలేసి దగ్గర పేజీకి నలభై క్వాచాలు.
క్వాచా అంటే మా భాషలో తెల్లవారింది అని.
ఆరువందల పేజీలు.
ఎన్ని తెల్లవారితే చదువవుతుందో
వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వరసలో నిలబడేవాళ్లం.

అట్ట లోపలి పేజీ నుంచీ మొదలుపెట్టేది.
‘ఈ గ్రంథంలోని ఏ భాగాన్నీ
ఏ రూపంలోనూ ప్రతి తీయరాదు.’
ఆ పేజీనే అన్నిటికన్నా శుభ్రంగా తీసేది,
అంచు వంకరపోకుండా, అక్షరం అలుక్కుపోకుండా.
అదెందుకక్కా అంటే
“డబ్బు తీసుకుని సగం పుస్తకం ఇస్తానా?”

తొమ్మిదో అధ్యాయంలో మా వేరుశనగే ఉంది,
ఆకులు ముడుచుకుని గుత్తి కట్టిన మొక్క.
ఫొటో నల్లగా అచ్చయింది, బొగ్గు పూసినట్టు.
ఫరవాలేదు.
ఆ ఆకు ఎలా ఉంటుందో
మాకు ఫొటో చెప్పాలా.

ఒక మంగళవారం జీపు వచ్చింది.
మిషను ఎక్కించారు, కాగితం చేతికిచ్చారు.
పైరసీ అంటే ఏంటని అడిగింది.
అసలు అర్థం సముద్రపు దొంగతనం అన్నాడు గుమాస్తా,
కొంచెం మొహమాటంగానే.
“ఈ దేశానికి సముద్రమే లేదే నాయనా!”

మూడు నెలలకి అప్పు మీద ఇంకో మిషను.
ఈసారి కొత్త పని కనిపెట్టింది:
పాత సైకిలు ట్యూబు సన్నగా కోసి
పుస్తకం వీపుకి కుట్టడం.
ఆరువందల పేజీలూ అరచేతిలో వెల్లకిలా పడుకునేవి.
నెల తిరక్కుండా
ఎదురు కొట్టు ఫిలిమోని అదే కుట్టు మొదలుపెట్టాడు,
ఐదు క్వాచాలు తక్కువకి.

దొంగ అని వీధిలో నిలబడి అరిచింది.
నేను నవ్వాను.
“నవ్వకు. ఆ పుస్తకం రాసినాయన
నా మొహం ఎరగడు, నేనాయన మొహం ఎరగను.
వీడు నా టీ తాగుతూ నా వేళ్లు చూశాడు.”
నమోదు చేయించుకోమన్నారట ఎవరో.
ఫీజు అడిగి వచ్చి
ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత చాలా ఏళ్లకి
ఆ గుత్తి తెగులు మీదే నేనొక వ్యాసం రాశాను.
ఏడో మడి మా అమ్మ చేనే.
ఎక్కడో చలిదేశపు పత్రిక అచ్చేసింది.
హక్కులన్నీ రాసివ్వమంటే
పేరు చూసుకునే సంబరంలో సంతకం పెట్టేశాను.
అమ్మ చూపించమంది.
తెరిస్తే నా పేరు పక్కనే తాళం బొమ్మ,
నలభై డాలర్లు.

మిత్రుడొకడు చాటుగా పంపాడు.
పెన్‌డ్రైవు జేబులో వేసుకుని ఎనెలేసి దగ్గరికే పోయాను.
“ఇది నువ్వు రాసిందేనా?”
“నేనే.”
“మరి అటూ ఇటూ చూస్తావేం?”
చివరి పేజీ సగంలో ఉండగా కరెంటు పోయింది.
పీకి ఇచ్చింది. దానికి డబ్బు తీసుకోలేదు.

అమ్మకి ఇంగ్లీషు రాదు.
నల్లటి ఫొటో మీద వేలు పెట్టి
“ఇది తెగులు తట్టుకున్న మొక్క కదూ.
ఈ విత్తనం నాచిసాలే అవ్వ ఇచ్చింది,
కరువేడు, కొంగున మూట కట్టి.
ఆమె పేరెక్కడ రాశావు?”

పేజీలు తిప్పాను.
మళ్లీ వెనక్కి తిప్పాను.
సగం అచ్చయిన ఆ ఆఖరి కాగితం
అమ్మ చేతిలోకి తీసుకుంది,
కింది తెల్లని భాగం అరచేత్తో నిమిరి
“ఇంత చోటుండగా” అంది.